అక్షరం రేవు దాటాలంటే...



కోనసీమ అనగానే మన కళ్లకు కట్టేదేమిటి చెప్పండి? కొబ్బరి తోటలు, కాలవ గట్లు, అరటి గెలలు, ఆత్రేయపురం పూతరేకులు. సినిమావాళ్లు వచ్చి పాటలు తీసుకువెళ్లే చోటు. సంక్రాంతి పండక్కి వెళ్లి, జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూసి, "అబ్బ, ఎంత పచ్చగా ఉందో!" అనుకుంటూ తిరిగివస్తాం. నేనూ ఆ గడ్డ మీద పుట్టినదాన్నే. మాది అమలాపురం దగ్గర. ఆ పచ్చదనం గురించి నాలుగు మాటలు గొప్పగా చెప్పుకోవాలని నాకూ ఉంటుంది. కాని ఈవేళ నేను మీతో ముచ్చటించదలచుకున్నది ఆ పచ్చదనానికి అవతలి గట్టున ఉన్న సంగతి.

ధవళేశ్వరం దాటిన తరవాత గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. మధ్యలో వైనతేయ అని మరో పాయ. ఈ పాయలకీ సముద్రానికీ నడుమ ఉన్న నేల కోనసీమ. ఆ పాయల్లో ఏళ్ల తరబడి ఒండ్రు మేటవేసి ఏర్పడినవి లంకలు. లంక భూమి బంగారం. కూరగాయలు, అరటి, కొబ్బరి, పశువుల మేత, ఏది వేసినా పండుతుంది. అయితే ఆ బంగారం చుట్టూ నీళ్లున్నాయి. పి.గన్నవరం మండలంలో బూరుగులంక, అరిగెలవారిపేట, ఊడిమూడిలంక, పెదపూడిలంక అని ఊళ్లున్నాయి. నది తగ్గినప్పుడు వేసుకున్న మట్టి బాట వరద రాగానే కొట్టుకుపోవడం, ఆ తరవాత పడవే గతి కావడం ఆ ఊళ్లవాళ్లు ఏటేటా చూసినదే. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు దిగింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. అంత నీరు వస్తే ఇళ్లేమిటి, బడేమిటి? ఊరికి కాస్త మెరకన ఉన్న పక్కా భవనం బడే అయితే, అది వరద బాధితులకు విడిది అయిపోతుంది. పిల్లల పుస్తకాలు ఏ అటక మీదో, లేకపోతే నీళ్లలోనో ఉంటాయి.

బడి ఉన్న పిల్లల సంగతే అలా ఉంటే, బడి ఈడు దాటిపోయిన ఆడవాళ్ల మాట చెప్పనక్కరలేదు కదా. 1951 జనాభా లెక్కల్లో మన దేశంలో చదవడం, రాయడం వచ్చిన స్త్రీలు నూటికి తొమ్మిదిమంది కూడా లేరు. 2011 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 59 మంది అయ్యారు. ఎంతో నయమే. కాని మిగిలిన 41 మంది ఎవరు? ఎక్కడో ఉన్నవాళ్లు కారండీ. మన ఇళ్లలో అంట్లు తోమేవాళ్లు, మనకి కూరలమ్మేవాళ్లు, మనం ఊరు వెళితే "బాగున్నారా అమ్మాయిగారూ" అని పలకరించేవాళ్లు.

ఇలాంటి ఒక మనిషి సంగతి చెబుతాను. దీన్లో నా తప్పు కూడా ఒకటుంది.

1970ల మాట. నాకప్పుడు పదేళ్లుంటాయి. మా ఇంటికి రోజూ పొద్దున్నే లంకలోంచి పడవ దాటి ఒకావిడ పెరుగు తెచ్చేది. రోజుకి సోలెడు పెరుగు, నెలాఖరుకి డబ్బు. మా అమ్మ కాలెండరు మీద ఏ రోజుకారోజు టిక్కు పెట్టేది. ఆవిడేమో తన ఇంటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకునేది. ఒక నెల లెక్క తేలలేదు. మా కాలెండరులో ఇరవయ్యేడు టిక్కులు, ఆవిడ గోడ మీద ఇరవైతొమ్మిది గీతలు. మా అమ్మ కాలెండరు చూపించింది. ఆవిడ దానివంక చూసి, ఇంకేమీ అనలేక, ఇరవయ్యేడు రోజుల డబ్బే తీసుకు వెళ్లిపోయింది. రాసుకున్న లెక్కకి తిరుగేముంది?

నాలుగు రోజుల తరవాత నాకు గుర్తొచ్చింది. అమ్మ పెళ్లికని ఊరెళ్లిన రెండు రోజులూ పెరుగు పోయించుకున్నది నేనే. టిక్కు పెట్టమని అమ్మ మరీ మరీ చెప్పి వెళ్లింది, నేను ఆటల్లో పడి మరిచిపోయాను. భయపడుతూనే చెప్పాను. అమ్మ నన్ను కొట్టలేదు. "రెండు సోలల పెరుగు ఎంతే? కాని ఆవిడ మాట అబద్ధమైపోయింది కదే!" అంది. మర్నాడు ఆవిడ చేతిలో డబ్బు పెట్టి, తప్పు మాదేనని ఒప్పుకుంది. దానికి ఆవిడ నవ్వి అన్న మాట నేనింతవరకు మరిచిపోలేదు. "ఆయ్, పోనీలెండి అమ్మగారండీ. గీత గోడమీదుంటే గీతేనండి. కాయితం మీదుంటే లెక్కండి."

చూశారా! ఇద్దరూ లెక్క రాసుకున్నారు. ఆవిడ లెక్కే సరైనది. అయినా చదువొచ్చిన ఇంటి తప్పు లెక్కే చెల్లింది. చదువు లేకపోవడమంటే పత్రిక చదవలేకపోవడం, సినిమా పేరు తెలియకపోవడం మాత్రమే కాదు. తన మాట నిజమే అయినా నెగ్గించుకోలేకపోవడం.

మా అమ్మకి పట్టుదల వచ్చింది. ఆవిణ్ణీ, ఆవిడతో వచ్చే మరో ముగ్గురినీ మధ్యాహ్నం మా ఇంటికి రమ్మంది. అమ్మ అరుగు మీద, వాళ్లు మెట్ల కింద. పలక ఇచ్చి అ, ఆ, ఇ, ఈ దిద్దించడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి నలుగురూ ఇద్దరయ్యారు. పదోరోజుకి ఎవరూ రాలేదు. అమ్మకి కోపం వచ్చింది. "చెబుతామన్నా నేర్చుకునే శ్రద్ధ లేదు వీళ్లకి" అంది. అప్పుడు మా మామ్మ, తనకీ అక్షరం ముక్క రాదులెండి, ఒత్తులు చేసుకుంటూ అంది: "నీ బడి వేళ నీకు కునుకు వేళే అమ్మాయ్, వాళ్లకి పడవ వేళ. పెరుగమ్ముకుని, గడ్డి కోసుకుని తిరుగు పడవ అందుకోవద్దూ? నీ వీలు చూసుకుని వాళ్ల శ్రద్ధ కొలుస్తావేమిటి?"

ఆ మాట అమ్మకి తగిలింది. మర్నాటినుంచి తనే రేవుకి వెళ్లింది. రేవులో నిద్రగన్నేరు చెట్టు ఉండేది. పడవ నిండితేనే గాని సరంగు తాడు విప్పడు కదా, ఆ ఎదురుచూసే అరగంటా బడి అయింది. అందరూ ఒకే నేల మీద కూర్చున్నారు. తొమ్మిదిమంది చేరారు, పడవ నడిపే ఆయనతో సహా. అమ్మ ఇంటి పనితో రాలేని రోజుల్లో, లంకలోనే ఏడో తరగతి చదివి మానేసిన ఒక పిల్ల చెప్పేది. వానలు ముదిరాక అమ్మ వెళ్లడమే కుదరలేదు. ఆ పిల్ల మాత్రం లంకలో తన ఇంటి వసారాలో దీపం పెట్టుకుని నడిపింది. అందరికీ అన్నీ వచ్చాయని నేను చెప్పను. ఇద్దరు మధ్యలోనే మానేశారు. పెరుగావిడకి పేపరు చదవడం చివరిదాకా రాలేదు. కాని తన పేరు రాయడం, అంకెలు వేయడం, నెల లెక్క చూసుకోవడం వచ్చాయి. ఆ తరవాత మా ఇంట్లో లెక్క కాలెండరు మీద కాదు, ఆవిడ తెచ్చిన చిన్న పుస్తకంలో ఆవిడే వేసేది. మా అమ్మ చూసి సరే అనేది!

ఇన్నేళ్ల తరవాత ఆలోచిస్తే, పెద్ద పెద్ద పుస్తకాలు సమాజ ఆధారిత విద్య అని చెప్పేది అదేననిపిస్తుంది. పేరు బరువుగా ఉంది గాని, సంగతి తేలిక. ఊళ్లోవాళ్లు, తమ ఊళ్లోనే, తమకి కావలసింది, తమకి వీలైన వేళ నేర్చుకోవడం. బయటివాళ్లు చేయవలసింది దానికి చేయూత ఇవ్వడం. అంటే నాలుగు సంగతులు కుదరాలి: వేళ, చోటు, మాట, మనిషి. మా అమ్మ మొదటిసారి ఈ నాలుగూ తనవే పెట్టుకుంది. బడి పది రోజులుంది. రెండోసారి నాలుగూ వాళ్లవి అయ్యాయి. బడి నిలిచింది.

ఇదేదో మా అమ్మ కొత్తగా కనిపెట్టిందనుకునేరు. మన తెలుగునాట ఇలాంటి కృషికి నూరేళ్లకి పైబడిన చరిత్ర ఉంది. గ్రంథాలయ పితామహుడని పేరు పొందిన అయ్యంకి వెంకటరమణయ్యగారు మా తూర్పుగోదావరి జిల్లా కొంకుదురులో 1890లో పుట్టినవారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగినప్పుడు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు అధ్యక్షత వహించారు. గ్రంథాలయమంటే వాళ్లు బీరువాలకి తాళం వేసిన గది అనుకోలేదు. ఊరూరా తిరిగారు, యాత్రలు చేశారు, రాత్రి బడులు పెట్టారు, చదువు రానివాళ్లకి చదివి వినిపించారు. "జనం పుస్తకం దగ్గరికి రాకపోతే పుస్తకమే జనం దగ్గరికి వెళ్లాలి" అన్నది వాళ్ల ధోరణి.

దీనికి నాకెంతో ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. 1935లో గుంటూరు జిల్లా పెదవడ్లపూడిలో పాతూరి నాగభూషణంగారు పడవ మీద గ్రంథాలయం నడిపారు. కృష్ణ పశ్చిమ కాలవ మీద కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య ఆ పడవ తిరిగేది. రేవు రేవుకీ ఆగడం, పుస్తకాలివ్వడం, పాతవి తీసుకోవడం. ప్రయాణం చేసేవాళ్లు పడవలోనే కూర్చుని చదువుకునేవారు. మా కోనసీమలో లొల్ల లాకుల దగ్గర చీలి అమలాపురం వైపూ, గన్నవరం వైపూ పారే కాలవలు చూసినప్పుడల్లా నాకా పడవే గుర్తొస్తుంది. కాలవ పొలానికి నీరు మోసినట్టే ఊరికి అక్షరాన్ని కూడా మోయగలదని ఆయన చూపించారు.

ఇది పాతకాలపు ముచ్చట అని తీసిపారేయడానికి వీల్లేదు. మనలాగే వరదలతో వేగే బంగ్లాదేశ్‌లో షిధులాయి అనే స్వచ్ఛంద సంస్థ 2002 నుంచి పడవ బడులు నడుపుతున్నది. పడవే ఇంటి ముందుకొచ్చి పిల్లల్ని ఎక్కించుకుంటుంది. తరగతి జరిగేది కూడా ఆ పడవలోనే. పైన సూర్యకాంతితో విద్యుత్తు తయారుచేసే పలకలు బిగించారు. వరద వస్తే మామూలు బడి మూతపడుతుంది, ఈ బడి నీటితోపాటు పైకి లేస్తుంది!

ఆడవాళ్ల చదువు మాట వచ్చినప్పుడు మనం దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారిని తలుచుకోకుండా ఉండలేం. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆవిడ, ఇంకా చిన్నపిల్లగా ఉండగానే బాలికా హిందీ పాఠశాల పెట్టి ఇరుగుపొరుగు ఆడవాళ్లకి చదువు చెప్పారు. తరవాత 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలయ్యారు. మధ్యలో చదువు ఆగిపోయిన స్త్రీలకోసం తక్కువ కాలంలో పరీక్షలకి తయారుచేసే తరగతులను ఆ బోర్డు 1958లో మొదలుపెట్టింది. వాటిలో చదివి ఎంతోమంది వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు నర్సులుగా, ఉపాధ్యాయినులుగా స్థిరపడ్డారు. తన ఇంట్లో నలుగురితో మొదలుపెట్టిన పనినే ఆవిడ దేశానికి విస్తరించారన్నమాట.

ప్రభుత్వం చేసినది లేదా అంటే, ఉంది. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం, 1988లో జాతీయ సాక్షరతా మిషన్ వచ్చాయి. కొన్ని ఊళ్లలో లాంతర్లు వెలిగాయి, మరి కొన్ని ఊళ్లలో హాజరు పట్టీల మీదే వెలిగాయి. తేడా ఎక్కడ వచ్చిందో తెలుసుకోవాలంటే నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి చూడాలి.

1990 తరవాత నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం ఊరూరా సాగింది. రాత్రిపూట ఆడవాళ్లు చదువుకునే వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. తాగుడు వల్ల సంసారం చితికిపోయిన ఇల్లాలి కథ అది. చదువుతున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇది మన కథే కదా" అనుకున్నారు. రోసమ్మగారి వంటివాళ్లు ముందు నిలబడగా, దూబగుంట ఆడవాళ్లు ఊళ్లోకి సారా రాకుండా అడ్డుకున్నారు. ఆ సంగతి "ఆడవాళ్లు ఏకమైతే" అనే పాఠమై మళ్లీ వాచకంలోకే ఎక్కింది. దాన్ని చదివి మరో ఊరు లేచింది, ఆ ఊరిని చూసి ఇంకో ఊరు. 1992లో రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. మద్యనిషేధాన్ని 1997లో ఎత్తివేశారు, అది వేరే కథ. కాని "పలక పట్టుకున్న ఆడవాళ్లు ఏం చేస్తారులే" అన్నవాళ్లకి జవాబు దొరికింది. ఆ జిల్లాలోనే ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు కట్టుకున్నారు. పాఠం వాళ్ల బతుకులోంచి వచ్చింది గనుకనే అలా అంటుకుంది.

మరి అలాంటి పాఠం ఎలా వస్తుంది? బ్రెజిల్ దేశంలో పౌలో ఫ్రెయిరీ అనే ఉపాధ్యాయుడు 1963లో ఆంజికోస్ అనే ఊళ్లో మూడువందలమంది కూలివాళ్లకి నలభై గంటల పాఠాలతో చదవడం నేర్పారు. ఆయన పద్ధతేమిటంటే, అక్షరమాలతో మొదలుపెట్టరు. వాళ్లు రోజూ నోటితో పలికే మాట, చేత్తో పట్టుకునే వస్తువు, దానితో మొదలు. ఇటుకలు మోసేవాళ్లకి మొదటి మాట "ఇటుక". ఆ మాట మీద ముందు మాట్లాడుకుంటారు. ఇటుక ఎవరు చేస్తారు, ఇల్లు ఎవరిది అవుతుంది? ఆ తరవాత ఆ మాటని విడదీసి అక్షరాలు.

దీన్ని మన లంకకి అన్వయించి చూద్దామా? పెద్దవాళ్లకి గుణింతాలు, ఒత్తులు మొదట్లోనే పెడితే బెదిరిపోతారు. "కొబ్బరి" అని మొదలుపెట్టామనుకోండి, ఒత్వమూ, బకి బ ఒత్తూ, గుడీ, మూడూ ఒకేసారి మీద పడతాయి. అదే "పడవ" తీసుకోండి. ప, డ, వ. తలకట్లు తప్ప మరేమీ లేవు. దాని పక్కన "వరద". కొత్తగా వచ్చినవి ర, ద రెండే. "వల" అంటే ల వచ్చింది. ఇప్పుడు ఈ ఆరు అక్షరాలకి ఒక్క క చేర్చండి: కల, కడవ, పడక, పలక. ఆపైన సున్న నేర్పితే "లంక", తమ ఊరే! ఏడు అక్షరాలు, ఒక సున్న, అంతే. వారంలో ఇన్ని మాటలు తాము చదివామన్న ధైర్యం వస్తుంది. "వరద" మీద మాట్లాడమంటే గంటసేపు మాట్లాడతారు. ఏ ఏడు ఎంత నీరొచ్చింది, పశువులని ఎక్కడికి తోలారు, సాయం ఎవరికి అందింది, ఎవరికి అందలేదు. అది అయ్యాక ఆ కాగితం మీద ఏం రాసుందో చూడాలనే కోరిక తనంతట అదే పుడుతుంది.

లెక్కలు నేర్పడానికీ అంతే. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వసిష్ఠ దాటితే నరసాపురం. ఆ చుట్టుపక్కలా, ఇవతల రాజోలు వైపూ ఆడవాళ్లు లేసు అల్లుతారు. మన సోఫాల మీదా, బల్లల మీదా పరిచే తెల్లటి అల్లికలు చాలామట్టుకు వాళ్ల చేతివే. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ పని తల్లినుంచి కూతురికి, ఇరుగునుంచి పొరుగుకి పాకింది. దీనికి ఏ బడీ లేదు, ఏ సర్టిఫికెట్టూ లేదు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊరంతా కలిసి నేర్చుకోవడమంటే ఏమిటో చూపించడానికి ఇంతకంటె ఉదాహరణ ఏం కావాలి?

కాని దీనికి రెండో వైపు కూడా ఉంది. జర్మనీ నుంచి వచ్చిన మరియా మీస్ అనే ఆవిడ ఈ లేసు పనివాళ్లని పరిశీలించి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. వీళ్లు రోజుకి ఆరెనిమిది గంటలు అల్లుతున్నా, అందరూ దాన్ని "తీరిక వేళ పని" అంటారనీ, వీళ్లని పనివాళ్లుగా కాక ఇల్లాళ్లుగానే లెక్కిస్తారనీ, అందువల్లే కూలి అంత తక్కువనీ ఆవిడ చూపించారు. మనం ఇల్లాళ్లమే గనుక మనకిది బాగా అర్థమవుతుంది. సూదితో వేలకొద్దీ కుట్లు తప్పులేకుండా లెక్కపెట్టే మనిషికి లెక్క రాదని ఎలా అంటాం? ఆవిడకి రానిది కాగితం మీద లెక్క. ఎన్ని ఉండల దారం తీసుకున్నది, ఎన్ని డజన్ల పని ఇచ్చింది, ఎంత రావాలి అనే మూడు గడుల చీటీ ఆవిడకి మొదటి లెక్కల పుస్తకం కావాలి. వచ్చిన విద్యలోంచే రాని విద్యకి దారి వేయాలి.

ఇప్పుడు మీరు అడగవచ్చు: "అన్నీ బాగానే ఉన్నాయండీ, పట్నంలో కూర్చున్నవాళ్లం మేమేం చేయగలం?" అని. చేయగలిగింది చాలా ఉంది. ముందు, చేయకూడనిది చెప్పేస్తాను.

మన పిల్లల పాత పాఠ్యపుస్తకాలు, సిలబస్ మారిపోయిన గైడ్లు, చెదలు పట్టిన ఇంగ్లీషు నవలలు మూటకట్టి ఊరికి పంపి "గ్రంథాలయం పెట్టించాను" అనుకోవద్దు. నేనే ఒకసారి ఆ పని చేశాను. మరుసటేడు వెళ్లి చూస్తే మూట కట్టిన ముడి విప్పలేదు. వాళ్లని తప్పుపట్టబోయి నోరు కట్టుకున్నాను. మనకి అక్కర్లేనిది వాళ్లకి అవసరమని ఎవరు చెప్పారు? ఏం కావాలని అడిగితే, పెద్ద అచ్చులో కథల పుస్తకాలు, పశువుల జబ్బుల పుస్తకం, పాటల పుస్తకం, పిల్లలకి బొమ్మల పుస్తకాలు, ఒక గోడ గడియారం కావాలన్నారు. మొత్తం ఖర్చు ఒక మామూలు పట్టుచీర ధరకి కూడా రాలేదు.

ఇక చేయదగినవి. మొదటిది, మీ ఇంటి నుంచే మొదలుపెట్టండి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి ఏ ఊరినుంచి వచ్చింది? ఆవిడకి చదవడం వచ్చా? రోజూ కాఫీ తాగే పదినిమిషాలు చాలు. ఆవిడ పేరు, పిల్లల పేర్లు, ఎక్కే బస్సు నంబరు, మందు సీసా మీద మాట. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి కదా. బ్యాంకు నుంచి వచ్చిన అంకెలు ఎవరికీ చెప్పకూడదని మనకి తెలుసు. చదవలేని మనిషి ఆ అంకెలు ఇంకొకరి చేత చదివించుకోక తప్పదు. వెనకటి వేలిముద్ర ప్రమాదం ఈనాడు ఫోనులోకి వచ్చిందన్నమాట.

రెండవది, సొంత ఊరికి వెళ్లినప్పుడు ప్రభలూ పూతరేకులతో సరిపెట్టుకోకుండా ఒకపూట అక్కడి బడికో, అంగన్‌వాడీకో, పొదుపు సంఘం సమావేశానికో వెళ్లండి. సలహాలు చెప్పడానికి కాదు, వినడానికి. ఊళ్లో చదువుకుని ఇంటిపట్టున ఉన్న కోడలో, కూతురో తప్పకుండా ఉంటుంది. నేర్పవలసిన మనిషి ఆవిడే. మీరూ, మీ మహిళామండలివారూ కలిసి ఆవిడకి నెలకింత అని గౌరవంగా ఇవ్వగలిగితే, బడి మీరు లేనప్పుడు కూడా నడుస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి 2027 వరకు నడిపే ఉల్లాస్ కార్యక్రమం కూడా పదిహేనేళ్లు దాటిన నిరక్షరాస్యులకోసమే. అది స్వచ్ఛందంగా నేర్పేవాళ్ల మీదే ఆధారపడింది. ఊళ్లో అలాంటివాళ్లు పేరు నమోదు చేసుకునేలా చూడండి.

మూడవది, మన హక్కు ఒకటి మనకే తెలియదు. మనం కట్టే ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఈ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థలకి చేరాలి. మీ రసీదు ఒకసారి తీసి చూడండి. మన పేటలో గ్రంథాలయం ఎన్ని గంటలు తెరుస్తున్నారు, మన ఊళ్లో శాఖ ఉందా, కొత్త పుస్తకాలు వచ్చాయా అని అడగడం దానం కాదు, దబాయింపు కాదు. కట్టిన పన్నుకి లెక్క అడగడం. ఒక్కరు అడిగితే విన్నట్టు ఊరుకుంటారు. పదిమంది సంతకాలు పెట్టి రాస్తే కదులుతుంది.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఓర్పు. నేర్చుకున్న అక్షరం వాడకపోతే తుప్పు పడుతుంది. నాట్ల రోజుల్లో, వరద రోజుల్లో బడి ఆగుతుంది. ఆగితే పోయిందనుకోకూడదు. నీరు తీశాక మళ్లీ పలక చేతికివ్వాలి. నేర్చుకున్నాక చదువుకోవడానికి ఏదో ఒకటి, ఒక వారపత్రికో, నాలుగు పేజీల కథో అందుతూ ఉండాలి. వారం వారం మీరు చదివేసిన పత్రిక పాత కాగితాలవాడికి వేసేముందు ఒక్కసారి ఆలోచించండి.

మా కోనసీమలో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారని ఒక ఇల్లాలుండేవారు. 1841 నుంచి 1909 వరకు జీవించారు. గోదావరి దాటి వచ్చిన బాటసారి ఏ వేళప్పుడు తలుపు తట్టినా, ఎవరు ఏమిటని అడక్కుండా అన్నం పెట్టేవారు. వైనతేయ మీది కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టుకున్నారు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో పిల్లలు తినే మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. ఆవిడ గొప్పతనం అన్నం పెట్టడంలోనే లేదు. ఆకలి వేళ ఆకలిగొన్నవాడిది గాని వడ్డించేవాళ్లది కాదని గుర్తించడంలో ఉంది. మా మామ్మ మా అమ్మకి చెప్పినదీ అదే కదూ?

పెరుగావిడ ఆఖరిసారి మా ఇంటికి వచ్చిన రోజు నాకు జ్ఞాపకం. మనవరాలి పెళ్లి శుభలేఖ తెచ్చింది. కవరు మీద మా నాన్నగారి పేరు వంకరటింకరగా, తప్పు లేకుండా రాసి ఉంది. "ఎవరు రాశారు?" అని అమ్మ అడిగింది. "ఆయ్, నేనేనండి" అంది తల వంచుకుని. అమ్మ ఆ కవరుని దేవుడి గూట్లో పెట్టింది.

రేవులో ఇంకా చాలామంది ఎదురుచూస్తున్నారు. పడవ మన గట్టునే ఉంది. తాడు విప్పుదాం. సెలవు.

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)